నాలుగు దేశాల నబీల్ తాద్రోస్

1974 జూన్ 3, సోమవారం నాడు నేను న్యూజెర్సీలో ఒక విద్యార్హతల మదింపు సంస్థలో రెండో గ్రేడు అధికారిగా చేరాను. 1998 జులై 31న పదవీ విరమణ చేశాను. మొత్తం ఇరవై నాలుగేళ్ల రెండు నెలలకు రెండు రోజులు తక్కువ. ఆ కాలంలో నేను చేసి, తరువాత నా చేత్తోనే కాగితం మీద ఒప్పుకున్న తప్పులు ఏడు. మిగతా ఆరింటిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మొదటిది మాత్రం ఈజిప్టు దేశానికి సంబంధించినది. దాని తేదీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

మా పని ఏమిటో చాలామందికి తెలియదు. బయటి దేశంలో చదివిన ఇంజినీరో, నర్సో, టీచరో అమెరికా వస్తే, ఆ చదువు ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చి, లైసెన్సు బోర్డుకో ఉద్యోగం ఇచ్చే కార్యాలయానికో సీలు వేసిన ఉత్తరం పంపాలి. ఆ ఉత్తరాన్ని బట్టి మనిషి ఇంజినీరుగా బతకడమో, పార్కింగ్ గరాజులో చీటీలు చింపడమో తేలుతుంది.

మా ఫారంలో పదిహేడు గడులు. తొమ్మిదో గడిలో అభ్యర్థి ఎన్ని దేశాల్లో చదివాడో అంకె వేయాలి. ఒకటి కంటే ఎక్కువైతే పద్నాలుగో నిబంధన వర్తిస్తుంది. అంటే ఒక్కొక్క దేశంలోకి ఎప్పుడు ప్రవేశించాడో, ఎప్పుడు బయటికి వచ్చాడో రుజువులు తేవాలి. దొంగ సర్టిఫికెట్లు కొనుక్కునేవాళ్లు ఎక్కువగా తాము అడుగు పెట్టని దేశాల పేర్లతో కొనుక్కుంటారు కనుక ఈ నిబంధన మంచిదే. ఇక సర్టిఫికెట్టు అసలుదో కాదో చూడడానికి మా దగ్గర కంట్రీ బైండరు ఉండేది. ప్రతి దేశానికి ఒక పేజీ. ఆ దేశం పేరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లింది, ఏ పరీక్షలు ఉండేవి, ముద్ర ఎలా ఉంటుంది అన్నీ అందులో రాసి ఉండేవి. నేను చరిత్రలో ఎం.ఏ. చేశాను కనుక 1975లో ఆసియా, ఆఫ్రికా పేజీలన్నీ తిరగరాసే పని నాకు అప్పగించారు. నూట రెండు పేజీలు రాశాను. నాలుగేళ్లపాటు అందులో ఎవరూ తప్పు పట్టలేదు. నేను గర్వపడ్డాను.

1979 సెప్టెంబరు 10, సోమవారం నబీల్ తాద్రోస్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. వయసు నలభై రెండు. నీటిపారుదల ఇంజినీరు. మూడేళ్లుగా జెర్సీ సిటీలో ఒక పార్కింగ్ గరాజులో పనిచేస్తున్నాడు. ఒక కౌంటీ కార్యాలయం మురుగు కాలువల విభాగంలో ఇంజినీరు ఉద్యోగం ఇస్తామని రాసింది. షరతు ఒక్కటే: మా ఉత్తరం సెప్టెంబరు 28, శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల లోపు వాళ్లకు చేరాలి. లేకపోతే జాబితాలో రెండో పేరుకు ఉద్యోగం వెళ్తుంది.

సర్టిఫికెట్లు వరసగా పెట్టాను. 1949 నాటి ప్రాథమిక పాఠశాల సర్టిఫికెట్టు మీద కింగ్‌డమ్ ఆఫ్ ఈజిప్టు. 1954 నాటి సెకండరీ సర్టిఫికెట్టు మీద రిపబ్లిక్ ఆఫ్ ఈజిప్టు. 1959 నాటి ఇంజినీరింగ్ డిగ్రీ మీద యునైటెడ్ అరబ్ రిపబ్లిక్. 1966 నాటి నీటిపారుదల డిప్లొమా మీద కూడా అదే. 1976లో తీసుకున్న పాస్‌పోర్టు, దానితోపాటు తీసిన మార్కుల నకలు మీద అరబ్ రిపబ్లిక్ ఆఫ్ ఈజిప్టు. మా బైండరులో ఈ నాలుగు పేర్లకు నాలుగు నంబర్లు. కనుక తొమ్మిదో గడిలో 4 వేశాను.

అంతటితో ఆగలేదు. యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ పేజీ తీశాను. నా దస్తూరీలోనే స్పష్టంగా ఉంది: 1958 ఫిబ్రవరిలో ఈజిప్టు, సిరియా కలిసి ఏర్పడింది, 1961 సెప్టెంబరు 28న సిరియా విడిపోవడంతో ముగిసింది. ముగిసిన ఐదేళ్లకు ఆ దేశం డిప్లొమా ఎలా ఇస్తుంది? పోయిన మనిషి చెక్కు మీద సంతకం పెట్టినట్టు ఉంది. డిప్లొమా మీద ఎర్ర సిరాతో ‘సందేహాస్పదం’ ముద్ర వేశాను. ఆ ముద్ర వేసే అధికారం రెండో గ్రేడుకు ఉంది. తీసే అధికారం సీనియర్ రివ్యూయర్‌కు మాత్రమే ఉంది.

మర్నాడు ముద్ర వేసిన డిప్లొమా నకలు జతచేసి అభ్యర్థికి ఉత్తరం రాశాను. పద్నాలుగో నిబంధన ప్రకారం రెండు, మూడు, నాలుగో దేశాల్లో ప్రవేశించిన తేదీ, స్థలం, ప్రయాణ సాధనం తెలపాలని అడిగాను. సెప్టెంబరు 17న జవాబు వచ్చింది. నేను అడిగిన వరసలోనే, నంబర్లు వేసి రాశాడు.

“ఒకటి. రిపబ్లిక్ ఆఫ్ ఈజిప్టులో ప్రవేశించిన తేదీ: 1953 జూన్ 18. స్థలం: అస్యూత్ పట్టణంలో మా ఇంటి వంటగది. ప్రయాణ సాధనం: కుర్చీ. ఆ సమయంలో ఆల్జీబ్రా లెక్క చేస్తున్నాను.

“రెండు. యునైటెడ్ అరబ్ రిపబ్లిక్‌లో ప్రవేశించిన తేదీ: 1958 ఫిబ్రవరి 22. స్థలం: కైరోలో కాలేజీ హాస్టలు. సాధనం: మంచం. జలుబు చేసి పడుకుని ఉన్నాను.

“మూడు. అరబ్ రిపబ్లిక్ ఆఫ్ ఈజిప్టులో ప్రవేశించిన తేదీ: 1971 సెప్టెంబరు 11. స్థలం: కాలువ గట్టు. సాధనం: కాళ్లు. కాని అవి కదలలేదు.

“పై మూడు సందర్భాల్లోనూ పాస్‌పోర్టు మీద ముద్ర వేయడానికి ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే టీ ఇచ్చేవాణ్ణి.”

ఆ ఉత్తరం నాకు కోపం తెప్పించింది. అయినా తేదీలు సరిచూశాను. మూడూ సరిగ్గా ఉన్నాయి. తేదీలు ఇంత సరిగ్గా రాసే మనిషి దొంగ డిప్లొమా తెస్తాడా అని మొదటిసారి అనిపించింది. అనిపించడానికి మా ఫారంలో గడి లేదు కనుక దాన్ని పక్కన పెట్టాను.

సెప్టెంబరు 20, గురువారం ఆయనే వచ్చాడు. అపాయింట్‌మెంటు లేదు. పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. ఇస్త్రీ చేసిన సూటు వేసుకున్నాడు. గరాజు పేరు కుట్టిన జాకెట్టు మడిచి, పేరు కనబడకుండా చంకలో పెట్టుకున్నాడు. నా బల్ల ముందు కూర్చుని, ఎర్ర ముద్ర వేసిన నకలు నా ముందు పెట్టాడు.

“మేడమ్, నేను దొంగనా?”

“దొంగ అని రాయలేదు. సందేహాస్పదం అని రాశాను.”

“మా దేశంలో కూడా మొదట అదే రాస్తారు.”

1961లో యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ అయిపోయిందని చెప్పాను. ఎవరు చెప్పారని అడిగాడు. బైండరు అన్నాను.

“బైండరు ఎవరు రాశారు?”

“నేనే.”

“కైరో ఎప్పుడైనా వచ్చారా?”

“రాలేదు. దానికీ ఫైలుకూ సంబంధం లేదు.”

“అయితే బైండరు కూడా రాలేదన్నమాట.”

అప్పుడు ఆయన చెప్పింది ఇది. సిరియా వెళ్లిపోయిన మాట నిజమే. కాని కైరోలో ఉన్న ప్రెసిడెంటు దేశం పేరు మార్చలేదు. ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరైనా వచ్చి కలుస్తారని ఆశ. ఆ పేరే 1971 దాకా నడిచింది. ఆయన డిప్లొమా మధ్యలో పడింది.

“మరి ఆ పదేళ్లూ మీరు ఎవరితో యునైటెడ్?” అని అడిగాను. ఇది మదింపుకు అవసరమైన ప్రశ్న కాదని ఒప్పుకుంటున్నాను.

“మాతో మేమే, మేడమ్. అది కూడా అన్ని రోజులూ కాదు.”

తరువాత ఆయన తన బడి గోడ గురించి చెప్పాడు. అస్యూత్‌లో వాళ్ల హెడ్మాస్టరు గదిలో ఒక మేకు, ఒక ఫ్రేము ఉండేవి. 1952 జులై వరకు అందులో రాజుగారు. రాజు పడవెక్కి వెళ్లిపోయాక, కొన్ని నెలలు ఫ్రేములో వట్టి అట్ట. తరువాత మొదటి ప్రెసిడెంటు అయిన జనరల్. 1954లో ఆ జనరల్‌ను ఇంట్లో కూర్చోబెట్టి కల్నల్ వచ్చాడు. హెడ్మాస్టరు పొదుపరి. కొత్త ఫొటో పెట్టినప్పుడల్లా పాతది తీయకుండా దాని వెనకే ఉంచేవాడు. మళ్లీ అవసరం రావచ్చని ఆయన లెక్క. రాజు మందం, జనరల్ మందం, కల్నల్ మందం కలిసి చివరికి ఫ్రేము వెనక చెక్క పట్టక ఊడిపోయిందట.

“1967 యుద్ధం ఓడిపోయాక, అప్పటికి ప్రెసిడెంటు అయిన ఆ కల్నల్ రాజీనామా చేస్తున్నానని టీవీలో చెప్పాడు. మా ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా వెంటనే గోడ మీది ఫొటో తీసేశాడు. జనం వీధుల్లోకి వచ్చి వెళ్లొద్దన్నారు. మర్నాడు ఆయన రాజీనామా వెనక్కి తీసుకున్నాడు. గుమాస్తా ఫొటో మళ్లీ పెట్టేలోపు సూపరింటెండెంటు వచ్చాడు. గోడ మీద మేకు ఒక్కటే ఉంది. ‘సున్నం వేయిద్దామనుకున్నాను సార్’ అన్నాడు. నిజంగానే వేయించాల్సి వచ్చింది.”

నాకు నవ్వు వచ్చింది. అభ్యర్థి ముందు నవ్వకూడదని రాసిన నిబంధన ఏదీ లేదు. అయినా నవ్వలేదు.

“మేం ప్రతిసారీ వీధిలోకి వెళ్లాం, మేడమ్. రాజు వెళ్తే వెళ్లాం. ఓడలు పోయే కాలువ మాదైతే వెళ్లాం. ఆయన రాజీనామా చేస్తే వెళ్లాం. ఆయన పోతే వెళ్లాం. మొన్న 1977లో రొట్టె ధర పెంచినప్పుడూ వెళ్లారు. అప్పటికి నేను ఇక్కడ చీటీలు చింపుతున్నాను. ప్రతిసారీ వీధిలోంచి ఇంటికి తిరిగొచ్చి చూసుకుంటే చిరునామా అదే. దేశం పేరు మాత్రమే మారి ఉండేది. ఈ ఏడాది ఇజ్రాయెల్‌తో సంధి చేసుకున్నాం, అరబ్బు దేశాలన్నీ మాతో మాట్లాడటం మానేశాయి. యునైటెడ్ అని పెట్టుకున్నప్పుడూ మాతో ఎవరూ మిగల్లేదు, ఆ మాట తీసేశాకా లేరు. పేరుకూ దానికీ సంబంధం లేదు.”

వెళ్లేముందు జాకెట్టు మడత విప్పి దులిపాడు. “మా గరాజు మూడో అంతస్తులో వాన నీళ్లు నిలుస్తాయి. నేల వాలు తప్పు. మూడేళ్లుగా చెబుతున్నాను. చీటీలు చింపేవాడి మాట ఎవరు వింటారు?” అని లేచాడు.

ఆ సాయంత్రం పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంటుకు వెళ్లి వంట చేశాను. మా వారు కూడా ఇంజినీరే. ఆయన పుట్టి పెరిగింది మద్రాసులో. చదివిందీ అక్కడే, 1957లో. నాది గుంటూరు. ఈ తేడా మా ఇంట్లో ఎప్పుడూ పూర్తిగా తీరలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయే ముందు మా వీధిలో ‘మద్రాసు మనదే’ అని అరిచిన ఆడపిల్లల్లో నేనూ ఉన్నాను. ఆ నగరంలోనే ఉన్న తమను ఏం చేయాలనుకుని అరిచారో చెప్పమని ఆయన పెళ్లైన నాటి నుంచి అడుగుతున్నారు.

“ఏమోయ్, ఇంకా ఆ ఈజిప్టాయన ఫైలేనా? పప్పులో ఉప్పు మర్చిపోయావు.”

“మర్చిపోలేదు. అర చెంచా, కొలిచే వేశాను.”

“సరే, కొలతలో ఉంది, పప్పులో లేదు. ఇంతకీ నీ ప్రాబ్లమ్ ఏమిటి?”

చెప్పాను. సిరియా విడిపోయాక ఆ దేశం ఉండదు కదా అన్నాను. ఆయన ముద్ద ఆపి నా వైపు చూశారు.

“నా డిగ్రీ మీద ఏమని ఉంది?”

“మద్రాసు అని.”

“ఏ సంవత్సరం?”

“యాభై ఏడు.”

“మరి మీ ఆంధ్రావాళ్లు యాభై మూడులోనే మూట కట్టుకుని వెళ్లిపోయారు కదే! మీరు వెళ్లారని మేం మద్రాసు స్టేట్ అన్న బోర్డు పీకి అటక మీద పెట్టామా? పదహారేళ్లు అదే పేరుతో కాపురం చేశాం.”

“పదహారు కాదు. 1969 జనవరి 14 వరకు. పదిహేనేళ్ల మూడు నెలల పదమూడు రోజులు.”

“అదే చెబుతున్నా. నువ్వు వెళ్లిపోయిన సిరియావి. నీకు వెళ్లిపోయిన తేదీ గుర్తుంటుంది. మేం ఉండిపోయినవాళ్లం. మాకు బోర్డు గుర్తుంటుంది. నా డిగ్రీ మీద కూడా ఎర్ర ముద్ర వేసెయ్, పనైపోతుంది.”

ఇంకో ముద్ద తిని చూశాను. పప్పులో ఉప్పు నిజంగానే లేదు. 1961లో వార్త చదివినప్పుడు నేను సిరియా వైపు నుంచి చదివానని, 1975లో బైండరు రాసినప్పుడు కూడా అదే వైపు నుంచి రాశానని అప్పుడు అర్థమైంది. విడిపోయినచోట పుట్టినవాళ్లకు, విడిపోగానే పాత పేరు కూడా పోయిందనిపిస్తుంది. మా ఊళ్లో దాని తరువాత మద్రాసు ఉందో లేదో ఎవరూ పట్టించుకోలేదు.

సెప్టెంబరు 21, శుక్రవారం సీనియర్ రివ్యూయర్ మిస్టర్ కెల్లర్ దగ్గరికి వెళ్లి, ముద్ర తీయమని అడిగాను. ఆయన పొడుగ్గా, ఎప్పుడూ నిద్రలోంచి లేచినట్టు ఉండే మనిషి. నిబంధనల్లో మాత్రం నిద్రపోయేవాడు కాదు. ఇరవై రెండో నిబంధన చదివి వినిపించాడు. ముద్ర తీయాలంటే రెండు ఆధారాలు కావాలి. ప్రభుత్వమే అచ్చు వేసినవి కావాలి, వాటి మీద తేదీ ఉండాలి, అభ్యర్థి ఇచ్చినవి కాకూడదు.

శనివారం గ్రంథాలయంలో దేశాల వివరాలుండే 1968 నాటి వార్షిక గ్రంథం ఒకటి దొరికింది. ఆ పేరు అందులో ఉంది. సోమవారం చూపించాను.

“ఇది ప్రైవేటు ప్రచురణ, మిసెస్ రావు.”

“కాన్సులేట్‌కు రాస్తే?”

“రాయండి. ఆరు వారాలు పడుతుంది.”

“మన దగ్గర నాలుగు రోజులే ఉన్నాయి.”

“ఆయన దగ్గర. మన దగ్గర ఎప్పుడూ ఉంటాయి.”

అలా అంటూ ఆయన మధ్యాహ్నం శాండ్‌విచ్ పక్కన పెట్టుకుని తన స్టాంపుల ఆల్బమ్ తెరిచాడు. ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. విదేశీ కాలేజీలు మాకు మార్కుల జాబితాలు నేరుగా పంపేవి. మిస్టర్ కెల్లర్ ఆ కవర్ల మీది స్టాంపులు కత్తిరించుకునేవాడు. కవరు కూడా ఫైలులో భాగమే కనుక 1976 మార్చిలో నేను ఆక్షేపణ రాశాను. అప్పటి నుంచి రిజిస్టరులో రాసి కత్తిరించేవాడు. అంతకు ముందు కత్తిరించినవాటి గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

“మీ ఆల్బమ్‌లో ఈజిప్టు పేజీ ఉందా?” అని అడిగాను.

ఆల్బమ్ మూసుకుంది. “ఇది పర్సనల్.”

“కవర్లు ఆఫీసువి.”

ఆయన చాలాసేపు శాండ్‌విచ్ నమిలాడు. అది అయిపోయాక చేతులు తుడుచుకుని ఆ పేజీ తీశాడు. పద్నాలుగు స్టాంపులు. పన్నెండింటి మీద యు.ఏ.ఆర్. అన్న మూడు అక్షరాలు. స్టాంపు అచ్చువేసేది ప్రభుత్వమే. తేదీ ముద్ర కొట్టేదీ ప్రభుత్వమే. వాటిలో రెండింటి మీద తేదీలు చక్కగా పడ్డాయి: ఒకటి 1965 మే నెలది, ఇంకొకటి 1969 నవంబరు నెలది. రెండూ సిరియా వెళ్లిపోయిన తరువాతివే. ఇంకో విశేషం, ప్రతి స్టాంపు కింద అది ఏ ఫైలు నుంచి వచ్చిందో పెన్సిలుతో నంబరు రాసి ఉంది. తప్పు చేసేటప్పుడు కూడా ఆయన పద్ధతి తప్పలేదు.

ఇద్దరం నేలమాళిగలో ఉన్న పాత ఫైళ్ల గదికి వెళ్లాం. ఆ రెండు ఫైళ్లలో కవర్లు ఉన్నాయి. కుడివైపు మూలలో చతురస్రపు కంతలు. స్టాంపు తెచ్చి కంతలో పెడితే గొళ్లెంలో గడియ పడ్డట్టు సరిపోయింది. తపాలా ముద్రలో సగం గుండ్రం స్టాంపు మీద, మిగతా సగం కవరు మీద. రెండూ కలిసి పూర్తి వలయం అయింది.

“రెండు ఆధారాలు,” అన్నాను. “ప్రభుత్వం అచ్చువేసినవి. తేదీ ఉంది. అభ్యర్థి ఇవ్వలేదు.”

“ఆధారం ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి కదా?”

“రాయాలి. ముద్ర తీసేటప్పుడు రాసే మెమోలో.”

“అక్కడ ఏమని రాస్తారు?”

“జరిగింది రాస్తాను.”

మిస్టర్ కెల్లర్ మంగళవారం మాట్లాడలేదు. బుధవారం తలనొప్పి అని రాలేదు. గురువారం, అంటే 27న, ఉదయం తొమ్మిదిన్నరకు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “మీ బైండరు తప్పు కూడా మెమోలో ఉంటుందా?” అని అడిగాడు.

“మొదటి పేరాలోనే.”

“అయితే నాది రెండో పేరా.”

అలాగే రాశాం. మొదటి పేరాలో, యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ అన్న పేరు 1961లో ముగిసిందని పి. రావు పొరపాటుగా రాశారనీ, ఈజిప్టు దాన్ని 1971 సెప్టెంబరు వరకు వాడిందనీ ఉంది. రెండో పేరాలో, ఆధారంగా చూపిన స్టాంపులను కవర్ల నుంచి ఆర్. కెల్లర్ అనుమతి లేకుండా కత్తిరించారని ఉంది. ఎవరు ముందు సంతకం పెట్టాలన్న దగ్గర పావుగంట ఆగింది. చివరికి రెండు ప్రతులు టైపు చేయించి, ఇద్దరం ఒకేసారి పెట్టి, కాగితాలు మార్చుకున్నాం. ఆయన ఎర్ర ముద్ర మీద అడ్డగీత గీశాడు. నేను తొమ్మిదో గడిలో 4 కొట్టేసి 1 వేశాను. ఫొటోకాపీ యంత్రం వెలుగుకు రంగు పోతుందని ఆయన స్టాంపుల మీద తన టై అడ్డం పెట్టాడు. టై ఫొటో వచ్చింది. రెండోసారి తీశాం.

డైరెక్టరు సంతకం శుక్రవారం ఒంటి గంటకు దొరికింది. తపాలాలో వేస్తే సోమవారానికి గాని చేరదు. సీలు వేసిన కవరు అభ్యర్థి చేతికి ఇవ్వకూడదు. సిబ్బందే తీసుకువెళ్లాలి. కనుక ప్రతులు, సీలు, రిజిస్టరు పూర్తి చేసి మూడు గంటలకు నా కారులో బయల్దేరాను. నబీల్ తాద్రోస్ బస్సులో వచ్చి మా ఆఫీసు మెట్ల మీద పొద్దున్నుంచి కూర్చుని ఉన్నాడు. ఆయనకు దారి తెలుసు, నాకు తెలియదు. కవరు వెనక సీట్లో పెట్టి బెల్టు బిగించాను. ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాను. వెనక్కి తిరగవద్దని చెప్పాను.

దూరం ముప్పై ఒక్క మైలు. అప్పట్లో వేగ పరిమితి గంటకు యాభై ఐదు మైళ్లు. నేను యాభై ఐదులోనే నడిపాను. పక్క నుంచి లారీలు, స్కూలు బస్సులు, ఒకసారి ట్రాక్టరును లాగుతున్న బండి కూడా మమ్మల్ని దాటిపోయాయి.

“మేడమ్,” అన్నాడు ఆయన, వాచీ చూసుకుంటూ, “ఈ వేగంతో వెళ్తే సిరియా తిరిగొచ్చి కలిసిపోతుంది. మళ్లీ పేరు మార్చాలి.”

“పరిమితి యాభై ఐదు.”

“తెలుసు. నేను ఇంజినీరును. సందేహాస్పదం కాదు, ఇవాళ మధ్యాహ్నం నుంచి.”

మూడు ముప్పై ఎనిమిదికి చేరాం. కౌంటీ గుమాస్తా కవరు చింపి, దేశం పేరు చూసి, “ఈజిప్టా? పిరమిడ్లు, కదా?” అని తేదీ ముద్ర కొట్టాడు. మూడు నలభై ఒకటి. నాలుగు దేశాలు, పదిహేడు గడులు, పద్దెనిమిది రోజులు. ఆయన చూడడానికి పట్టింది మూడు నిమిషాల లోపే.

బయటికి వచ్చాక నాకు తేదీ తట్టింది. ఇవాళ సెప్టెంబరు 28, సిరియా విడిపోయింది ఇదే రోజున అని చెప్పాను.

“మా ప్రెసిడెంటు పోయిందీ ఇదే రోజున, 1970లో,” అన్నాడు. “నేను వీధిలో ఉన్నాను. కైరో అంతా వీధిలోనే ఉంది.” కారు తలుపు తీస్తూ, “ఈ తేదీన మంచి పని కూడా ఒకటి జరిగిందని మీ బైండరులో రాయండి,” అన్నాడు.

“దానికి గడి లేదు,” అన్నాను. ఆ మాట ఇప్పటికీ సరైనదే.

ఆ తరువాత ఆయన ఏటా ఒకటి రెండుసార్లు ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. తనకు ఉద్యోగం వచ్చిన ఐదో నెలలో, ఆ గరాజు మూడో అంతస్తు వాలు సరిచేయాలని కౌంటీ తరఫున తానే నోటీసు పంపానని చెప్పాడు. 1981 అక్టోబరు 7న చేసినప్పుడు మామూలుగా మాట్లాడలేదు. ముందురోజు కైరోలో కవాతు చూస్తుండగా ప్రెసిడెంటును కాల్చి చంపారు. “పేరు మారలేదు మేడమ్. పేజీ అలాగే ఉంచండి,” అని పెట్టేశాడు. 1982 ఏప్రిల్‌లో, 1967 యుద్ధంలో పోయిన సైనాయ్ తిరిగి వచ్చిందని, పటం మార్చమని చేశాడు. 1984 అక్టోబరులో చేసి, జెండా మీద డేగ పోయి గద్ద వచ్చిందని, మా బైండరులో పక్షులకు గడి ఉందా అని అడిగాడు. ముద్రల గడిలో రాశాను. మిస్టర్ కెల్లర్ కత్తిరించిన స్టాంపులన్నీ పాత కవర్లకు తిరిగి అంటించాడు. మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి నా ఆక్షేపణలకు ఆయన ఆక్షేపణ చెప్పలేదు.

1979 నవంబరులో పద్నాలుగో నిబంధనకు ఒక ఉపనిబంధన చేర్చారు. రాసింది నేను. అభ్యర్థి ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్తే లెక్కించాలి. అభ్యర్థి ఉన్నచోటే ఉండి దేశం పేరు మారితే లెక్కించకూడదు. మొదట్లో దాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడేవాళ్లం. 1991 డిసెంబరు తరువాత, సోవియట్ యూనియన్‌లో చదివినవాళ్ల ఫైళ్లు వచ్చినప్పుడు, రోజూ వాడాం.

బైండరు పేజీల్లోనూ ఒక మార్పు చేశాను. దేశం పేరు ముగిసిన తేదీ పక్కన రెండు కాలమ్‌లు పెట్టాను: ఎవరు వెళ్లారు, బోర్డు ఎవరి దగ్గర మిగిలింది. నూట రెండు పేజీలూ మళ్లీ రాశాను. మా దేశం పేజీలో మద్రాసుతో మొదలుపెట్టాను. ఆ రోజు పప్పులో ఉప్పు మా వారే వేశారు.